కింద కూర్చున్నవాళ్ళు

పోయినవారం మనం దేవకుమారిని ఏలూరు పవర్‌పేటలో, స్టీలు సామాన్ల కొట్టు మీది మేడగదిలో, చేతిలో ఫోనుతో వదిలేసి వచ్చాం. ఫోను చేసింది ఎవరో కొల్లేటి చింతలలంక మనిషి. "మా వాళ్ళని ఎందుకు కోసేశారండీ?" అని అడిగి, జవాబు కూడా వినకుండా "నేనే వస్తానుండండి" అని పెట్టేసింది. అన్నమాట ప్రకారం ఈవేళ వచ్చింది. పొద్దున్న పదకొండు గంటలప్పుడు, సగం తడిసిన చీరతో, చేతిలో మూతపెట్టిన స్టీలు క్యారియరుతో గుమ్మంలో నిలబడి ఉంది.

ఆవిణ్ణి లోపలికి పిలిచేలోపు, ఈవారమే కథ అందుకున్నవాళ్ళకి రెండు ముక్కలు చెప్పేస్తాను. దేవకుమారికి యాభై రెండేళ్ళు. పెళ్ళి కాలేదు. ఈ మేడగదిలోనే ఉన్న నెల్సన్ గారి వీడియో స్టూడియోలో ఇరవై ఎనిమిదేళ్ళుగా పెళ్ళి వీడియోల మిక్సింగు చేస్తోంది. మిక్సింగంటే మరేం లేదు, కెమెరావాళ్ళు తెచ్చి పడేసిన ఏడెనిమిది గంటల గందరగోళాన్ని కోసి, అతికి, పాటలు తగిలించి, చూసేవాళ్ళు నిద్రపోకుండా చేయడం. తణుకు నుంచి కైకలూరు దాకా ఎంతమంది పెళ్ళికూతుళ్ళో ఆవిడకి ముఖపరిచయం. ఆవిడ మాత్రం వాళ్ళలో ఒక్కరికీ తెలీదు. ఓసారి తాడేపల్లిగూడెం బస్సులో పక్కన కూర్చున్నావిణ్ణి చూసి, అప్పగింతల్లో అందరూ ఏడుస్తుంటే తనొక్కతే పకపకా నవ్విన పెళ్ళికూతురని ఇట్టే గుర్తుపట్టి, "బావున్నారాండీ? పెద్దబ్బాయి ఏం చదువుతున్నాడూ?" అని సంబరంగా పలకరించింది. ఆవిడ హ్యాండుబ్యాగు ఒళ్ళోకి లాక్కుని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ఆరోజు నుంచి దేవకుమారి బస్సుల్లో ఎవర్నీ పలకరించదు.

ఇప్పుడు పెళ్ళిళ్ళన్నీ డ్రోన్లెగరేసే కుర్రాళ్ళు పట్టుకుపోతున్నారు. స్టూడియో మూసేద్దామా అని నెల్సన్ గారు అనుకుంటుండగా హైదరాబాదు కంపెనీ ఒకటి ఈ పని ఇచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ళ కిందట కొల్లేట్లో తీసిన ఓ టీవీ సీరియలు, డెబ్భై ఎనిమిది భాగాలు. ఆ రోజుల్లో టీవీ బొమ్మ ఇంచుమించు చదరంగా ఉండేది. ఇప్పటి టీవీలూ ఫోన్లూ అడ్డంగా పొడుగు. పాత బొమ్మని ఉన్నదున్నట్టు పెడితే రెండు పక్కలా నల్లపట్టీలు వస్తాయి, నల్లపట్టీలుంటే జనం చూడరని కంపెనీవాళ్ళ లెక్క. అందుకని బొమ్మని అటూ ఇటూ నిండేదాకా పెద్దది చెయ్యాలి. అప్పుడు నిలువులో నాలుగో వంతు తెర దాటిపోతుంది. ఆ పోయేది పైన పోవాలా, కింద పోవాలా? ఒక్కో షాటూ చూసి, బొమ్మని పైకో కిందికో జరిపి, అక్కర్లేనిది కోసెయ్యడమే దేవకుమారి పని.

ఇరవై అయిదు భాగాలు అయిపోయాయి. జనం ఫోన్లలో చూసేస్తున్నారు కూడా. చింతలలంక వాళ్ళూ చూశారు. అదీ సంగతి.

"రండి, కూర్చోండి. వర్షంలో ఎందుకండీ ఇంత దూరం?" అంది దేవకుమారి, కుర్చీ తుడుస్తూ.

"కైకలూరు బస్సు దొరికిందండి. నా పేరు పెద్దింటమ్మండి." ఆవిడ క్యారియరు బల్ల మీద పెట్టింది. "కొరమేనండి. శుభ్రంచేసి ఉప్పూ పసుపూ రాసి తెచ్చాను. పులుసు పెట్టుకోండి."

"అయ్యో, ఎందుకండీ! ఒక్కదానికి పులుసేం పెట్టుకుంటాను?"

"ఒక్కరేనాండీ?" అని పెద్దింటమ్మ గది నాలుగు వైపులా చూసింది. అయ్యో పాపం అనలేదు, మరో ప్రశ్న వెయ్యలేదు. "అయితే రెండు పూటలొస్తుందిలెండి" అంది. 

దేవకుమారికి ఆ మనిషి అప్పుడే నచ్చేసింది. ఈ గదిలోకి ఎవరైనా వచ్చి ఏదైనా తినిపించే మాట మాట్లాడి ఎన్నాళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు.

పెద్దింటమ్మ రొండిన దోపుకున్న సంచిలోంచి ఫోను తీసి, కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, చాలాసేపు వెతికి, సీరియల్ పంతొమ్మిదో భాగం పెట్టింది. పంచాయితీ సీను. వాళ్ళ లంకలోనే, గట్టు పక్కన ఖాళీ జాగాలో తీశారట. తెర మీద ఊరి పెద్ద వేషగాడు చేతుల కుర్చీలో కూర్చుని మీసం సవరించుకుంటున్నాడు. పక్కన బల్ల మీద నలుగురు, వెనక కర్రలు పట్టుకుని నిలబడ్డవాళ్ళు. అందరి తలలూ చక్కగా, పైన రెండు వేళ్ళ ఖాళీతో సహా ఉన్నాయి. తెర కింది అంచున మాత్రం ఏవో నల్లటి జుట్లు కదులుతున్నాయి.

"ఈ జుట్టు మా ఆయనదండి, దుర్గారాజని" అంది పెద్దింటమ్మ, వేలు పెట్టి. "ఊళ్ళోవాళ్ళని వరసగా కింద కూర్చోబెట్టారండి. ఆయన ఒళ్ళో మా పెద్దపిల్ల ఉండాలి. కనకమాలక్ష్మి. నాలుగేళ్ళదప్పుడు."

ఆ మాట చెప్పి ఆవిడ బొటనవేలితో తెర మీద బొమ్మని పైకి తోసింది. బొమ్మ కాస్త కదిలి, మళ్ళీ తన చోటికే వచ్చి కూర్చుంది. మళ్ళీ తోసింది. 

"ఇలా తోస్తే కిందున్నది పైకి రావాలి కదండీ. మా ఫోన్లో రావట్లేదు. మీ పెద్ద టీవీలో వస్తుందేమోనని వచ్చానండి."

దేవకుమారి తెర అంచున కదిలే ఆ జుట్టునే చూస్తోంది.

"ఆ వానాకాలమే జొరం తగిలిందండి పిల్లకి. పడవ మీద వేసుకుని కైకలూరు చేర్చేలోపే పోయింది. ఫోటో ఒక్కటి లేదు. బళ్ళో వేసేటప్పుడు తీయిద్దాంలే అనుకున్నాం. సీరియలు టీవీలో వచ్చినప్పుడు ప్రెసిడెంటు గారింట్లో ఊరంతా చూశామండి. అదిగో అదిగో అని అందరూ అరుస్తుంటే నాకు సరిగ్గా కనబడనే లేదు. మళ్ళీ ఎప్పుడేస్తాడా అని ఇన్నేళ్ళూ చూశాం. ఇప్పుడేశాడు."

ఇక్కడ మనం ఒక్క క్షణం నెల్సన్ గారి దగ్గరికి వెళ్ళాలి. ఆయన తాడేపల్లిగూడెంలో ఏదో రిసెప్షన్ పని మీద ఉన్నాడు. నిన్న ఫోను సంగతి దేవకుమారి చెప్పగానే, "దేవీ, ఎవరైనా వచ్చి అడిగితే మెషీనే చేసుకుపోతుందని చెప్పు. మనం చేశామన్నావంటే ఊరంతా మెట్లెక్కి వస్తుంది" అన్నాడు. చెడ్డవాడేం కాదు నెల్సన్. గొడవంటే భయం, అంతే.

"ఇదంతా మెషీన్ పనండీ" అంది దేవకుమారి, కీబోర్డు వైపు చూస్తూ. "దానంతటదే కోసేస్తుంది. మనకేం తెలీదు."

పెద్దింటమ్మ తల ఊపింది. "అంతేలెండి. మిషనుకేం తెలుస్తుందండీ, ఎవరి పిల్లో ఏమిటో."

తిట్టి ఉంటే బావుండేది. రెండు మాటలు పడేసి, చేపలు వెనక్కి తీసుకుపోయి ఉంటే దేవకుమారి ఆ అబద్ధం చాటున హాయిగా బతికేసేది. పెద్దింటమ్మ తిట్టలేదు సరికదా, ఆ మిషన్ని కూడా క్షమించేసి, ఫోను సంచిలో పెట్టుకుని లేవబోయింది. ఈవిడ వెళ్ళిపోతే మెట్ల మీద మళ్ళీ ఎవరి చెప్పుల చప్పుడూ వినబడదు. నిజం చెబితే అసలెప్పటికీ వినబడదు. ఆ రెండూ దేవకుమారికి తెలుసు.

"కాదండీ" అంది. "మెషీన్ కాదు. నేనే కోశాను. ఈ చేత్తోనే."

పెద్దింటమ్మ లేవబోతున్నదల్లా ఆగింది.

దేవకుమారి గబగబా చెప్పుకుపోయింది. పనిలో చేరిన కొత్తలో తణుకు పెళ్ళి ఒకటి వచ్చింది. తలంబ్రాల షాటులో పెళ్ళికొడుకు తల పైన కాస్త తెగింది. మర్నాడు మగపెళ్ళివారు జీపులో దిగారు. 'శుభమా అని పెళ్ళి చేసుకుంటే పిల్లాడి తలకాయ తీసేస్తారా' అని క్యాసెట్టు నెల్సన్ గారి మొహాన కొట్టారు. ఆ రోజున పట్టుకుంది ఆవిడకి. తల తెగకూడదు, ఏం పోయినా ఫరవాలేదు, తల పోకూడదు. ఇరవై ఎనిమిదేళ్ళుగా చెయ్యి దానంతటదే బొమ్మ పైభాగం ఉంచి కిందది వదిలేస్తుంది. పెళ్ళిళ్ళలో కింద ఉండేవి కాళ్ళూ కొబ్బరిబొండాలే కాబట్టి ఎవరూ అడగలేదు. ఈ సీరియల్లో ప్రతి షాటూ అలాగే కోసింది. నిలబడ్డవాళ్ళందరూ ఉన్నారు, కుర్చీలవాళ్ళందరూ ఉన్నారు. కింద కూర్చున్నవాళ్ళే లేరు.

"కోయకముందు బొమ్మ ఉండాలి కదండీ మరి?" అంది పెద్దింటమ్మ నెమ్మదిగా.

"వాళ్ళు పంపిన కాపీని కంపెనీ ఓకే అనగానే తీసేస్తామండి. కంప్యూటర్లో జాగా చాలదు. అదీ నేనే తీసేశాను. అసలు టేపులు హైదరాబాదులో ఉన్నాయో పారేశారో, పదిరోజులుగా అడుగుతున్నాను. ఎవరూ చెప్పట్లేదు. కిందవాళ్ళు పోయారని మీరు ఫోను చెయ్యకముందే, తీసేశాక గమనించానండి, ఎవరో ఒకరు వచ్చి అడుగుతారనుకున్నాను."

గదిలో ఫ్యాను తిరుగుతోంది. కింద కొట్లో ఎవరో బిందె మీద పేరు కొట్టించుకుంటున్న చప్పుడు. దేవకుమారి తలొంచుకుని శాపనార్థాల కోసం ఎదురుచూసింది. అవి రాలేదు. పెద్దింటమ్మ కుర్చీని ముందుకు లాక్కుని, మోకాళ్ళు తగిలేంత దగ్గరగా వచ్చి కూర్చుంది. ఆవిడ ముఖం వెలుగుతోంది.

"అయితే మీరు చూశారండీ! కోసేముందు చూసుంటారు కదా. మా పిల్లని చూశారు మీరు!"

ఈ మాట వస్తుందని దేవకుమారి అనుకోలేదు.

"ఎలా ఉందండీ? ఎర్రగౌను వేశాను ఆవేళ, కనబడిందా? ఏం చేస్తుందండీ వాళ్ళ నాన్న ఒళ్ళో?"

దేవకుమారి కళ్ళు మూసుకుంది. ఏ ఊరి పెళ్ళిలో ఏ మేనత్త ఏ రంగు చీర కట్టిందో చెప్పగల మనిషి. పంతొమ్మిదో భాగం, పంచాయితీ సీను. మీసం గుర్తుంది, కుర్చీ చేతుల మీది చెక్కడం గుర్తుంది, వెనక నిలబడ్డ బక్కవాడి కర్రకి కట్టిన గుడ్డ కూడా గుర్తుంది. కింద ఏముంది? అక్కడ ఎవరో ఉన్నారు. ఖాయంగా ఉన్నారు. ఆవిడ చూడలేదు. తలలే చూసింది.

లోకంలో ఆ పిల్లని చివరిసారిగా చూసిన మనిషి తనే. ఆ చూడటమూ చూడలేదు. దేవకుమారికి తనమీద తనకే అసహ్యం వేసింది.

కళ్ళు తెరిచేసరికి పెద్దింటమ్మ ఇంకా అలాగే, నోరు కొద్దిగా తెరిచి, ఎదురుచూస్తోంది. 

"నవ్వుతోందండీ" అంది దేవకుమారి.

"నవ్వుతోందా?"

"అవునండీ. వాళ్ళ నాన్న గడ్డం పట్టుకుని. ఎర్రగౌనే."

పెద్దింటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో దేవకుమారికి తెలియలేదు. రెండూ అయుంటుంది.

"ఆయనే గెలిచాడండి అయితే" అంది చివరికి. "ఇరవై తొమ్మిదేళ్ళ నుంచి మేం దేనికీ దెబ్బలాడుకోలేదండి, దీనికి తప్ప. ప్రెసిడెంటు గారింట్లో చూసినప్పుడు పిల్ల నవ్విందంటాడు ఆయన. ఏడ్చిందంటాను నేను. ఆవేళ పొద్దున్న గౌను వేసుకోనని మారాం చేస్తే నేను కొట్టానండి. ఈ చెంప మీద. ఏడుస్తూనే వాళ్ళ నాన్నతో షూటింగుకెళ్ళింది. టీవీలో కూడా ఏడుస్తానే ఉందని నాకు ఖాయం. నవ్విందాండీ? నిజంగా?"

"నిజంగానండీ" అంది దేవకుమారి. వెనక్కి వెళ్ళడానికి దారి లేదిక.

పెద్దింటమ్మ ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. ఉప్పూ పసుపూ వాసన వేసే గరుకు చేతులు. "ఆయనకి లివరు పాడైపోయిందండి. ఏలూరు పెద్దాసుపత్రిలో ఇంక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. రేపంటారో ఎల్లుండంటారో. ఒక్కసారి పిల్లని చూసి పోతాననేదే ఆయన గోల. బొమ్మ లేకపోతే పోయిందండి, చూసిన మనిషి వచ్చి చెబితే చాలు. రేపు మీరు మా ఇంటికి రావాలి. మా కోడలు వంట చేస్తుంది. పొద్దున్న ఎనిమిది బస్సు ఎక్కండి, గట్టు దగ్గర నేనే నిలబడతాను."

గట్టు దగ్గర తనకోసం ఓ మనిషి నిలబడుతుందట. దేవకుమారి వస్తానంది. రానని ఎలా అంటుంది?

పెద్దింటమ్మ మెట్లు దిగి వెళ్ళాక దేవకుమారి అన్నం తినలేదు. క్యారియరు ఫ్రిజ్జులో పెట్టి, కంప్యూటరు ముందు కూర్చుని, పంతొమ్మిదో భాగాన్ని పదిసార్లు, పాతికసార్లు చూసింది. దుర్గారాజు జుట్టు కదులుతూ ఉంటుంది. ఒకచోట కాస్త ముందుకు వంగుతుంది. పిల్లని ముద్దుపెట్టుకోవడానికా, ఏడుస్తుంటే ఊరుకోబెట్టడానికా? కింది అంచు దాటి ఒక్క గీత కూడా లేదు. ఎందుకు నవ్విందని చెప్పాను అని తనని తను అడుక్కుంది. ఆవిడ కోసమే చెప్పాను అని సమాధానం చెప్పుకుంది. అది సగమే నిజం. రేపు ఎవరో ఒకరు తనని రమ్మనాలని కూడా చెప్పింది.

నాలుగు గంటలకి హైదరాబాదు నుంచి ఫోను వచ్చింది. కంపెనీలో ఈ పనులు చూసే అమ్మాయి, రమ్యశ్రీ.

"మేడం, మీ టేపులు దొరికాయండీ! గోడౌన్‌లో ఉన్నాయి, డెబ్భై ఎనిమిదీ!"

దేవకుమారి కుర్చీలోంచి లేచి నిలబడింది. "పంతొమ్మిదో భాగం ఒక్కటి చాలమ్మా. అది పంపించు."

"అదేనండీ ఇబ్బంది. పైకప్పు కారి లేబుళ్ళన్నీ ఊడిపోయాయి. ఏది ఏ భాగమో మాకెవరికీ తెలీదు. రేపు సాయంత్రం అయిదింటికి పాత సామాన్ల లారీ వచ్చి అన్నీ పట్టుకుపోతుంది, టేపులాడించే మెషీన్‌తో సహా. నేను మా మేనేజరు గారిని బతిమాలి రెండు గంటలు టైము అడిగానండీ, మూడు నుంచి అయిదు. మీరైతే ఒక్క షాటు చూడగానే ఏ భాగమో చెప్పేస్తారు కదా. పొద్దున్న బండికి వచ్చేయండి. దొరికితే ఆ ముక్క అక్కడికక్కడే ఫోన్లో పంపేసుకోవచ్చు. మీరు రాకపోతే మాత్రం నేనేం చెయ్యలేను మేడం."

పొద్దున్న బండి. పొద్దున్న ఎనిమిది బస్సు. ఒకటి హైదరాబాదుకి, ఒకటి కొల్లేటికి.

"చెప్తానమ్మా" అని పెట్టేసింది దేవకుమారి.

పదిరోజులుగా ఆవిడ మోకరించి అడిగింది దీనికోసమే. టేపు దొరకాలని. ఇప్పుడు దొరికితే ఏమవుతుందోనని భయం వేస్తోంది. ఆ తెర మీద పిల్ల ఏడుస్తూ ఉంటే? చెంప మీద తల్లి వేళ్ళ గుర్తులుంటే? బస్సెక్కి లంకకి వెళ్ళి, చేపల పులుసు తిని, పోయే మనిషి చెవిలో నవ్విందని చెబితే ముగ్గురికీ సుఖమే. సాయంత్రం లారీ వచ్చి మిగతాదంతా పట్టుకుపోతుంది. అడిగేవాళ్ళుండరు.

వాన వెలిసి, కిటికీలోంచి ఎండ పడుతుండగా ఫోను మళ్ళీ మోగింది. పెద్దింటమ్మ నెంబరే. కానీ గొంతు ఆవిడది కాదు. లోతుగా, ఆగి ఆగి, ఒక్కో మాటకీ ఊపిరి కూడగట్టుకుంటున్న మగగొంతు.

"దుర్గారాజునమ్మా... మా ఆడది చెప్పింది. నవ్విందంట కదా?"

వెనక నుంచి పెద్దింటమ్మ గొంతు వినిపించింది. "స్పీకరు పెట్టానండీ మేడంగారూ! మీ నోటితో ఒక్కసారి చెప్పండి. నేను చెబితే నమ్మట్లేదు. నువ్వు నా కోసం మాట మార్చావంటున్నాడు."

"చెప్పమ్మా" అన్నాడాయన. "చూసినదానివి నువ్వు."

అవునండీ అంటే అయిపోతుంది. ఒక్క మాట. దేవకుమారి నోరు తెరిచింది. చూసినదానివి నువ్వు అన్న మాట ఆవిడకి అడ్డం పడింది.

"నేను చూడలేదండీ" అంది. "కిందికి చూడలేదు. నవ్విందో ఏడ్చిందో నాకు తెలీదు. పెద్దింటమ్మగారూ, మీతో అబద్ధం చెప్పాను. క్షమించండి."

అవతల పెద్దింటమ్మ ఏదో అనబోయి ఆగిపోయిన చప్పుడు. దేవకుమారి ఫోనుని రెండు చేతులతో పట్టుకుంది.

"టేపు దొరికిందండీ. హైదరాబాదులో ఉంది. పొద్దున్న బండికి వెళ్తున్నాను. రేపు మీ ఇంటికి రాలేను. ఆ బొమ్మ వెతికి మీ ఫోనుకి పంపిస్తాను. మొత్తం బొమ్మ, ఎక్కడా కోయకుండా. అందులో ఏముంటే అది. అంతవరకూ మీరు ఉండాలండీ. దుర్గారాజుగారూ, వింటున్నారా? రేపు సాయంత్రం దాకా మీరు ఉండాలి."

చాలాసేపు ఊపిరి చప్పుడు మాత్రమే వచ్చింది. లైను పోయిందేమోనని దేవకుమారి చెవి నుంచి ఫోను తీసి చూసుకుంది. పోలేదు. సెకన్లు కదులుతూనే ఉన్నాయి.

"ఎన్ని గంటలకొత్తాదమ్మా," అన్నాడు దుర్గారాజు, "మా పిల్ల?"